బానెట్ కింద: పాత ట్రక్కు, హీటరు, బ్లోయరు

చలి ముదిరాక నాకొచ్చే ఉత్తరాలన్నిటిదీ ఒకటే పాట: "హీటరు పనిచేయడం లేదు." ఆ ఒక్క మాటతో నేనేం చెప్పను? గాలే రావడం లేదా, వస్తున్న గాలిలో వేడి లేదా? మొదటిది కరెంటు జబ్బు, రెండోది నీళ్ళ జబ్బు. గాలీ వేడీ రెండూ ఉండి, మీరు కోరిన చోటికి కాకుండా ఇంకోచోటికి పోతుంటే అది గాలి గొట్టాల లోపలి తలుపుల జబ్బు. మూడింటికీ మందులు వేరు. ఏ జబ్బో తేల్చుకోకుండా పార్టు ఆర్డరు పెట్టేవాళ్ళే ఎక్కువ. అందుకని ఈసారి అయిదు ఉత్తరాలూ ఒకచోట పెడుతున్నాను. నాలుగు అమెరికా పికప్ ట్రక్కులవి, ఒకటి మన పక్క లారీది.

ప్రశ్న: మాస్టారూ, నాది 2004 మోడల్ షెవర్లే సిల్వరాడో, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. హీటరు ఫ్యాను అయిదో నంబరులో తప్ప తిరగదు. పోయిన చలికాలం ఇదే వస్తే వీడియో చూసి రెసిస్టర్ మార్చాను, బాగైంది. ఇప్పుడు మళ్ళీ అదే తంతు. ఊడదీసి చూస్తే ఈసారి ప్లగ్గు కూడా కరిగిపోయి ఉంది. నాసిరకం పార్టు అంటగట్టారంటారా? కంపెనీ పార్టే కొనమంటారా? (మినియాపొలిస్)

జవాబు: కంపెనీ పార్టు కొన్నా మళ్ళీ శీతాకాలానికి దాన్నీ కాల్చేస్తారు. రెసిస్టర్ నేరస్థుడు కాదు తమ్ముడూ, ఇందులో దెబ్బతిన్నది అదే. కాల్చినవాణ్ని వదిలేసి కాలినదాన్ని మారుస్తున్నారు.

అది చేసే పనేమిటో చూడండి. మోటారుకు పన్నెండు వోల్టులూ నేరుగా ఇస్తే ఒకటే స్పీడు, గట్టిగా. తక్కువ స్పీడులు కావాలంటే మధ్యలో తీగచుట్టలు పెట్టి కొంత వోల్టేజీని అక్కడే వేడిగా ఖర్చు చేయించాలి. ఆ తీగచుట్టల పలకే రెసిస్టర్. అయిదో నంబరులో కరెంటు ఆ చుట్టలతో పని లేకుండా రిలే (పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) మీదుగా నేరుగా మోటారుకు పోతుంది. అందుకే చుట్ట కాలినా, దానిమీదున్న థర్మల్ ఫ్యూజు తెగినా అయిదు మాత్రం బతికి, ఒకటి నుంచి నాలుగు చచ్చిపోతాయి. మీ ట్రక్కు ఆ కథే చెబుతోంది. ఆటోమేటిక్ క్లైమేట్ ఉన్న బండ్లలో మాత్రం ఈ పలక ఉండదు, దాని బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది. కొనేముందు మీది నాబ్ తిప్పేదా, డిగ్రీలు చూపించేదా చూసుకోండి. ఆ పార్టు వేరు, ఈ పార్టు వేరు.

ఇక ప్లగ్గు ఎందుకు కరిగింది? ఈ పికప్పుల్లో బ్లోయర్, అంటే హీటరు ఫ్యాను, మోటారు పూర్తి స్పీడులో ఇరవై ఆంపియర్లకు అటూ ఇటూ లాగుతుంది. ప్లగ్గులో ఒక పిన్ను వదులై, అక్కడ ఓమ్‌లో పదోవంతు అడ్డు వచ్చిందనుకోండి. పదోవంతే కదా అనిపిస్తుంది. ఇరవై ఆంపియర్లు దాని గుండా పోతే రెండు వోల్టులు అక్కడే పోతాయి, నలభై వాట్ల వేడి పుడుతుంది. సోల్డరింగ్ ఐరన్ కూడా నలభై వాట్లే ఉంటుంది. ప్లాస్టిక్ ప్లగ్గు లోపల సోల్డరింగ్ ఐరన్ పెట్టి చలికాలమంతా ఆన్‌లో ఉంచితే కరగక ఏం చేస్తుంది? వేడికి పిన్ను స్ప్రింగు ఇంకా వదులవుతుంది, అడ్డు ఇంకా పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. మీరు కొత్త రెసిస్టర్ తెచ్చి అదే పాత, వదులైన ప్లగ్గులో గుచ్చారు. ఇంకో చలికాలానికి అది కూడా పోయింది.

కాబట్టి మొదటి పని: ప్లగ్గు కూడా కొత్తది వేయండి. వైర్ల తోకతో సహా కిట్టుగా దొరుకుతుంది. పాత వైరును నల్లబడినంత మేరా కోసేయండి. రాగి ఎర్రగా, మెరుస్తూ కనిపించేదాకా వెనక్కి వెళ్ళండి. నల్లబడిన రాగి మీద ఏ జాయింటూ నిలవదు. వైరు మందానికి సరిపోయే క్రింపు స్లీవులు, మీద వేడికి ముడుచుకునే గొట్టం. చేత్తో మెలిపెట్టి టేపు చుట్టే పని మాత్రం ఈ సర్క్యూట్లో వద్దు. స్టీరియోకైతే నడుస్తుంది, ఇరవై ఆంపియర్లకు నడవదు.

రెండో పని, అందరూ వదిలేసేది: మోటారును అనుమానించండి. ప్రయాణికుడు కాళ్ళు పెట్టుకునే చోట, డాష్‌బోర్డు కింద గుండ్రంగా కనిపించేదే మోటారు. రెసిస్టర్ కూడా ఆ పక్కనే ఉంటుంది. తాళం తీసేసి, ఫ్యాను చక్రాన్ని చేత్తో తిప్పండి. వదిలాక నాలుగైదు చుట్లు దానంతటదే తిరగాలి. చెయ్యి తీయగానే ఆగిందంటే బుష్‌లు (ఇరుసు తిరిగే చోటి గొట్టాలు) ఎండిపోయాయి. మైనస్ ఇరవై ఫారెన్‌హీట్ ఉదయాల్లో ఆ ఎండిన బుష్‌లలో మోటారు కదలాలంటే ఎంత కరెంటు కావాలో ఊహించుకోండి. మీ ఊళ్ళో ఇవి చలికాలంలోనే చావడానికి ఇదొక కారణం. పొద్దున బండి తీసినప్పుడు కీచుమని అరిచి, పది నిమిషాలకు సద్దుమణిగే మోటార్లు కూడా ఈ జాతివే.

చేత్తో చూసింది అంచనా. మీటరు చెప్పేదే సాక్ష్యం. క్లాంప్ మీటరు తెచ్చుకోండి, కానీ డబ్బా మీద డీసీ ఆంపియర్లు కొలుస్తుందని రాసి ఉందో లేదో చూసి కొనండి. చవకవి చాలావరకు ఇంట్లో కరెంటుకు, అంటే ఏసీకి మాత్రమే పనికొస్తాయి. బండి వైరుకు తగిలిస్తే సున్నా చూపిస్తాయి, మీరేమో మోటారు కరెంటే తీసుకోవడం లేదనుకుంటారు. మామూలు మల్టీమీటరులో పది ఆంపియర్ల సాకెట్టు ఉందిగదా అని దాన్ని మధ్యలో కలపకండి. లోపలి ఫ్యూజు పోతుంది. ఇంజను నడుస్తుండగా ఫ్యాను అయిదులో పెట్టి, తొలి ఉరుకు సర్దుకున్నాక రీడింగు చూడండి. ఇరవై దగ్గర ఉంటే మోటారు మంచిదే. ఇరవై ఎనిమిది, ముప్పై చూపిస్తే రెసిస్టరుతో పాటు మోటారు కూడా మార్చాల్సిందే, బేరం లేదు.

మూడోది వోల్టేజీ డ్రాపు. దీనికి మామూలు మీటరు చాలు. ఫ్యాను అయిదులో తిరుగుతుండగా మీటరు నల్ల తీగ బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర తీగ మోటారు అర్తు వైరు మీద పెట్టండి. అర వోల్టు లోపు ఉండాలి. ఎక్కువ వచ్చిందంటే అర్తు దారిలో ఎక్కడో తుప్పు పట్టింది. అలాగే ప్లస్ వైపు: బ్యాటరీ ప్లస్ మీద ఒక తీగ, మోటారు ప్లస్ మీద ఇంకొకటి. ఉప్పు చల్లే రోడ్ల మీద తిరిగిన ట్రక్కు కాబట్టి అర్తు బోల్టులు నమ్మడానికి లేదు. విప్పి, గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ బిగించండి.

ఒక చిన్న సంగతి చెప్పాలి, పాతకాపు మేస్త్రీలు కూడా దీన్ని తిరగేసి చెబుతుంటారు. "ఆకులు ఇరుక్కుంటే మోటారు మీద లోడు పెరిగి ఆంపియర్లు పెరుగుతాయి" అంటారు. కాదు. గాలి దారి మూసుకుపోతే ఈ రకం చక్రానికి నెట్టడానికి గాలే ఉండదు, మోటారు తేలికపడి ఇంకా వేగంగా గీమంటుంది, ఆంపియర్లు తగ్గుతాయి. మరి ఆకులు హాని ఎలా చేస్తాయి? రెసిస్టర్ చుట్టలు గాలి గొట్టంలోకి చొచ్చుకుని ఉంటాయి, ఆ గాలే వాటిని చల్లబరచాలి. గాలి తగ్గితే చుట్టలు ఎర్రబడతాయి, థర్మల్ ఫ్యూజు తెగుతుంది. కాబట్టి మోటారు దింపినప్పుడు చక్రం చుట్టూ, గాలి వచ్చే దారిలో ఆకులు, పుల్లలు తీసేయండి. ఇదే కారణంగా రెసిస్టరును బయటికి వేలాడదీసి ఫ్యాను నడిపి చూడకండి. నిమిషంలో నిప్పు రంగు వస్తుంది, కార్పెట్టు మీద పడితే ఇంకో ఉత్తరం రాయాల్సి వస్తుంది.

ఆకుల బదులు ఎలుక గూడు కనిపిస్తే ఆగండి. పొడిగా ఊడ్చవద్దు, వ్యాక్యూమ్ పెట్టవద్దు. చేతికి గ్లవుజు, పదో వంతు బ్లీచి కలిపిన నీళ్ళు చల్లి, అయిదు నిమిషాలు నాననిచ్చి, తడి గుడ్డతో తీయండి. అమెరికాలో ఎలుకల నుంచి వచ్చే హాంటా వైరస్ ఎండిన రెట్టల దుమ్ముతోనే ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది.

ప్రశ్న: బాబాయ్ గారూ, మావారి 2000 సిల్వరాడో నేను ఆస్పత్రి డ్యూటీకి తీసుకెళుతుంటాను. హైవే మీద వెళ్ళేటప్పుడు వెచ్చగా ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగితే చల్లగాలి. ఫ్యాను అన్ని స్పీడుల్లో బాగానే తిరుగుతోంది. ఒక షాపులో హీటర్ కోర్ పోయిందన్నారు, డాష్‌బోర్డంతా విప్పాలట. (చికాగో శివారు)

జవాబు: అమ్మా, ఎవరికీ డబ్బు కట్టకండి. ముందు బానెట్ ఎత్తి కూలెంట్ (ఇంజనును చల్లబరిచే నీళ్ళు) డబ్బా చూడండి. బండి రాత్రంతా ఆగి, పూర్తిగా చల్లారాకే. వేడి ఇంజను మూత తీస్తే లోపలి ఒత్తిడికి మరుగుతున్న నీళ్ళు ముఖం మీదికి చిమ్ముతాయి. ఆస్పత్రిలో పనిచేసే మీకు కాలిన గాయాల గురించి నేను చెప్పనక్కర్లేదు.

"నడుస్తుంటే వేడి, ఆగితే చలి" అనగానే నాకు మొదట తోచేది కూలెంట్ తక్కువైందని. హీటర్ కోర్ అంటే డాష్‌బోర్డు వెనకున్న ఒక చిన్న రేడియేటర్. ఇంజను వేడి నీళ్ళను వాటర్ పంపు దానిలోకి తోస్తుంది. నీళ్ళు తగ్గితే లోపల గాలి చేరుతుంది. ఇంజను వేగంగా తిరిగేటప్పుడు పంపు ఎలాగోలా నీళ్ళను అక్కడిదాకా తోస్తుంది, ఐడ్లింగులో తోయలేదు. డాష్‌బోర్డు వెనక గలగలమని నీళ్ళు పారిన చప్పుడు వినిపిస్తోందా? వినిపిస్తే అది గాలి బుడగే.

నీళ్ళు తక్కువుంటే పోసి ఊరుకోవడం కాదు, అవి ఎటు పోయాయో తెలియాలి. పంపు కింద ఎండిన మరక, హోస్ క్లిప్పుల దగ్గర తెల్లటి పొక్కు, సైలెన్సరు నుంచి ఎంతకీ ఆగని తియ్యటి వాసన తెల్లపొగ, ఇవి చూడండి. మీ షెవర్లే తయారుచేసే జనరల్ మోటార్స్ 1990ల మధ్య నుంచి డెక్స్‌కూల్ అనే నారింజ రంగు కూలెంట్ వాడుతోంది. అయిదేళ్ళు లేదా లక్షా యాభై వేల మైళ్ళు అన్నారు. ఇరవై అయిదేళ్ళ బండిలో అది ఎన్నిసార్లు మారిందో, ఎవరు ఏ పచ్చరంగుది కలిపారో దేవుడికి తెలియాలి. నీళ్ళు తక్కువుండి గాలి తగులుతూ తిరిగితే అది గోధుమరంగు బురదలా తయారవుతుంది. మూత కింద వేలు పెట్టి చూడండి, జిగటగా బురద తగిలితే మీ షాపు వాళ్ళ మాటలో సగం నిజం ఉంది. సగమే, ఎందుకంటే కోర్ పూడిపోయింది, కారడం లేదు.

పూడిందో లేదో తేల్చడానికి డాష్‌బోర్డు విప్పనక్కర్లేదు. ఇంజను బాగా వేడెక్కాక, ఫ్యానూ వేడీ పూర్తిగా పెట్టి, ఇంజను గదిలోంచి క్యాబిన్ గోడలోకి వెళ్ళే రెండు హీటర్ హోసులను చూడండి. చేత్తో పట్టుకునేకన్నా దూరం నుంచి కొలిచే తుపాకీ థర్మామీటరు మేలు, తిరిగే బెల్టుకు చున్నీ, స్కార్ఫు దూరంగా ఉంచండి. రెండు హోసులూ వేడిగా ఉండి, తేడా పది నుంచి ముప్పై డిగ్రీల ఫారెన్‌హీట్ లోపుంటే నీళ్ళు బాగానే పారుతున్నాయి, లోపం లోపలి తలుపుది. ఒకటి కాలిపోతూ రెండోది గోరువెచ్చగా ఉంటే కోర్ పూడింది. రెండూ చల్లగా ఉంటే నీళ్ళే అక్కడికి రావడం లేదు, లేదా ఇంజనే వేడెక్కడం లేదు. ఇంజను వేడెక్కకపోవడం అంటే థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటరుకు పోనివ్వని వాల్వు) తెరుచుకుని ఇరుక్కుందని. డాష్‌బోర్డు ముల్లు సగం దాకా రాదు, 1996 తర్వాతి బండి కాబట్టి స్కానరు తగిలిస్తే పీ0128 అనే కోడు కూడా కనిపించవచ్చు. థర్మోస్టాట్ చాలా చవక వస్తువు. దాని బదులు హీటర్ కోర్ మార్చినవాళ్ళను నేనెరుగుదును.

కోర్ పూడితే మార్చడానికి ముందు వెనక్కి కడిగి చూడండి. రెండు హోసులూ ఊడదీసి, నీళ్ళు బయటికొచ్చే గొట్టం వైపు నుంచి తోట పైపు నీళ్ళు మెల్లగా పంపాలి. మెల్లగానే. పూర్తి ప్రెషరు పెడితే పాత అల్యూమినియం కోర్ చిరుగుతుంది, అప్పుడు నిజంగానే డాష్‌బోర్డు విప్పాలి. మొండికేసిన హోసును మెలిపెట్టి లాగవద్దు, బ్లేడుతో నిలువునా చీరి కొత్త హోసు వేయండి. హోసు ధరెంత, గొట్టం విరిగితే పనెంత! బయటికి తీసిన కూలెంటును బకెట్‌లో పట్టి రీసైక్లింగుకు ఇవ్వండి. తియ్యగా ఉంటుందని కుక్కలూ పిల్లులూ నాకుతాయి, కొంచెం చాలు కిడ్నీలు పోవడానికి. తిరిగి నింపేటప్పుడు సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ నీళ్ళు. ఆ పాళ్ళలో మైనస్ 34 ఫారెన్‌హీట్ దాకా గడ్డకట్టదు, చికాగోకు సరిపోతుంది. బండి ముక్కు కొంచెం ఎత్తుగా ఉండేలా వాలులో నిలిపి, చల్లటి ఇంజనుతో మూత తీసి పెట్టి, వేడి పూర్తిగా తిప్పి నడిపితే గాలి పైకొచ్చేస్తుంది.

కారుతున్నచోట అంటుకుని మూసేస్తుందని అమ్మే సీసా మందులు ఉంటాయి. అవి పోసే పని పెట్టుకోకండి. ఆ మందుకు కారే చిల్లూ, హీటర్ కోర్లోని సన్నటి దారీ ఒకటే.

ప్రశ్న: అన్నా, నాది 1995 ఫోర్డ్ ఎఫ్-150. వేడి ఉంది, ఏసీ ఉంది, ఫ్యాను ఉంది. కానీ ఎటు తిప్పినా గాలి అద్దం మీదికే పోతుంది. ఒక్కోసారి ముఖం మీదికి వస్తుంది, ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు మళ్ళీ అద్దం మీదికి. నాబ్ మార్చాను, లాభం లేదు. (హ్యూస్టన్)

జవాబు: ఎక్కుడులో మారిపోవడమే మీ జవాబు. మంచి గమనిక తమ్ముడూ, నాబ్ కొనే ముందు ఆ ముక్క రాసి ఉంటే డబ్బు మిగిలేది.

ఆ కాలపు ఫోర్డులో గాలి తలుపులను తిప్పేది కరెంటు కాదు, వ్యాక్యూమ్. ఇంజను పీల్చుకునే గాలి వల్ల మానిఫోల్డులో (ఇంజనుకు గాలి పంచే గొట్టంలో) పుట్టే ఖాళీని సన్నటి ప్లాస్టిక్ గొట్టాల్లో తెచ్చి, డయాఫ్రమ్‌లతో (పీలిస్తే వంగే రబ్బరు పొరలతో) తలుపులు లాగుతారు. ఐడ్లింగులో ఆ వ్యాక్యూమ్ పదిహేడు నుంచి ఇరవై ఒక్క అంగుళాలు (పాదరసం ఎత్తు కొలత) ఉంటుంది. వంతెన ఎక్కడానికి యాక్సిలరేటర్ తొక్కితే పడిపోతుంది. పడిపోయినప్పుడు ఆదుకోవడానికి ఒక చిన్న నిల్వ డబ్బా, వెనక్కి పోనివ్వని వాల్వూ ఉంటాయి. అవి కారుతుంటే తలుపు వదిలేస్తుంది. వదిలేసిన తలుపు అద్దం వైపుకే పోయేలా కంపెనీ కావాలనే చేసింది. గొట్టం తెగితే కాళ్ళు చల్లబడినా ఫరవాలేదు, అద్దం మంచు పట్టకూడదని. ఇంత ఆలోచించి చేసిన పని చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటే.

ఇంజను ఐడ్లింగులో పెట్టి, రేడియో కట్టేసి వినండి. నాబ్ వెనకో, బ్యాటరీ పక్క నుంచో సన్నగా ఈల వినిపిస్తుంది. బ్యాటరీ ఆవిరికీ ఇంజను వేడికీ ఆ గొట్టాలు ముట్టుకుంటే విరిగేంత గుల్లబారి ఉంటాయి. చేతిపంపు లాంటి వ్యాక్యూమ్ పంపు అరువు తెచ్చుకుని ఒక్కో గొట్టానికీ తగిలించి, ముల్లు నిలుస్తోందో జారుతోందో చూడండి. విరిగినచోట రెండు అంగుళాల రబ్బరు గొట్టం తొడిగితే పని అయిపోతుంది. డీజిల్ ఫోర్డు ఉన్నవాళ్ళకు ఒక మాట: డీజిలుకు మానిఫోల్డు వ్యాక్యూమ్ ఉండదు, విడిగా పంపు ఉంటుంది, మీరు ఆ పంపు నుంచి మొదలుపెట్టండి.

కొత్త బండ్లలో ఈ తలుపులు తిప్పేది చిన్న కరెంటు మోటార్లు. తాళం తిప్పగానే డాష్‌బోర్డు వెనక టకటకమని కొడుతూ ఉంటే దాని పళ్ళు అరిగాయి. 2002 నుంచి 2008 దాకా వచ్చిన డాడ్జ్ రామ్‌లలో మోటారు బాగానే ఉండి తలుపే విరుగుతుంది, అది వేరే తలనొప్పి.

ప్రశ్న: మా పాత ట్రక్కులో హీటరు వేస్తే తియ్యటి వాసన, అద్దం లోపల జిడ్డు పొర. ప్రయాణికుడి వైపు కార్పెట్టు తడి. వానాకాలంలో ఏసీ నీళ్ళనుకున్నాను, ఇప్పుడు జనవరి. (న్యూజెర్సీ)

జవాబు: ఇది మాత్రం హీటర్ కోర్ కారడమే. ఏసీ నీళ్ళు మంచినీళ్ళలా ఉంటాయి, వాసన ఉండదు. టిష్యూ కాగితం అద్ది చూడండి. జిగటగా, రంగుగా, తీపి వాసన వస్తే కూలెంట్. ఆ ఆవిరి పీలుస్తూ, ఆ జిడ్డు అద్దం వెనక రాత్రిపూట నడపవద్దు. తాత్కాలికంగా, ఇంజను వైపు రెండు హీటర్ హోసులనూ ఒక ముక్కతో ఒకదానికొకటి కలిపేస్తే కోర్‌కు నీళ్ళు ఆగుతాయి, బండి షెడ్డుదాకా వెళుతుంది. కానీ వేడి ఉండదు, అద్దం మీద మంచు కరగదు, జనవరిలో న్యూజెర్సీలో అలా రోజూ తిరగలేరు.

పని పెద్దదే. డాష్‌బోర్డు దించాలి. చాలా మోడళ్ళలో ఏసీ పైపులు కూడా విప్పాలి. ఆ గ్యాసును గాలిలోకి వదలడం చట్టవిరుద్ధం. డబ్బు తీసుకుని ఏసీ పని చేసేవాళ్ళకు సెక్షన్ 609 సర్టిఫికెట్ ఉండాలి, షాపులో అడగండి. అంత విప్పాక లోపలి తలుపు మోటార్లు, బ్లోయర్ కూడా చూడమనండి. కోర్ పార్టు ఖరీదు తక్కువ, విప్పి బిగించడానికే డబ్బంతా. బండి మొత్తం విలువకు ఆ బిల్లు సగం దాటుతుంటే మాత్రం నేనైతే కొత్త బండి వెతుక్కుంటాను.

ప్రశ్న: మేస్త్రీ గారూ, మాది పాత పది టైర్ల లారీ. క్యాబిన్లో ఎండకు డ్రైవరు ఉడికిపోతున్నాడని కారు బ్లోయర్ ఒకటి, పాటల సెట్టు ఒకటి పెట్టించాం. అప్పటి నుంచి రెండు బ్యాటరీల్లో ఒకటే మాటిమాటికీ పోతోంది, రెండోదాంట్లో నీళ్ళు మరిగిపోతున్నాయి. ఈ బండి యాపిల్ లోడుకు కశ్మీరు కూడా వెళుతుంది, అక్కడేమో చలి. హీటరు పెట్టించవచ్చా? (తాడేపల్లిగూడెం)

జవాబు: ఈ ఉత్తరం చదవగానే విజయవాడ ఆటోనగర్లో నేను పని నేర్చుకున్న ఎలక్ట్రికల్ షెడ్డు వాసన వచ్చింది. అప్పుడూ ఇదే జబ్బు, ఇప్పుడూ ఇదే.

మీ లారీ ఇరవై నాలుగు వోల్టులది, పన్నెండేసి వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలిపి ఉంటాయి. కారు బ్లోయరూ సెట్టూ పన్నెండు వోల్టులవి. మీ వైరింగ్ అబ్బాయి అర్తు వైపున్న ఒక్క బ్యాటరీ నుంచి లైను లాగాడు. ఆల్టర్నేటరుకు ఆ సంగతి తెలియదు. అది రెండింటికీ కలిపి సుమారు ఇరవై ఎనిమిది వోల్టులు ఇస్తుంది. లైను లాగిన బ్యాటరీ రోజూ అదనంగా ఖర్చయి పన్నెండు, పన్నెండున్నర దగ్గరే ఉండిపోతుంది. మిగతా పదిహేనున్నర, పదహారు రెండోదాని నెత్తిన పడుతుంది. మొదటిది ఆకలితో చస్తుంది, రెండోది మరిగి చస్తుంది. కొత్తవి జత వేసినా ఇదే జరుగుతుంది. ఇంజను నడుస్తుండగా ఒక్కో బ్యాటరీ మీద మీటరు పెట్టండి, తేడా మీకే కనిపిస్తుంది.

దారులు రెండు. ఇరవై నాలుగు వోల్టుల బ్లోయర్ తెచ్చి రెండు బ్యాటరీల మొత్తం మీద, దాని సొంత ఫ్యూజుతో కలపడం ఒకటి. అదే గాలికి సగం కరెంటే పడుతుంది, వైర్లు వేడెక్కవు. లేదంటే ఇరవై నాలుగును పన్నెండు చేసే కన్వర్టరు పెట్టి దాన్నుంచి సెట్టు నడపండి. కన్వర్టరు మాత్రం వాడకానికి రెట్టింపు ఆంపియర్లది తీసుకోండి, క్యాబిన్ వేడికి అవి త్వరగా నీరసపడతాయి. పాడైన బ్యాటరీ ఒక్కటే మార్చకండి, రెండూ ఒకే వయసువి ఒకేసారి వేయండి.

హీటరు పెట్టించవచ్చు. ఇంజను కూలెంట్ లైనులోంచి రెండు హోసులు, ఒక కోర్, వెనక ఒక ఇరవై నాలుగు వోల్టుల ఫ్యాను. పైన అంతా చెప్పింది అదే యంత్రం. కాకపోతే ఉత్త నీళ్ళతో నడిచే రేడియేటరుతో కశ్మీరుకు వెళితే రాత్రి గడ్డకట్టి కోర్ పగులుతుంది, ముందు కూలెంట్ పోయించండి. ఎండాకాలం హోసు మీద ఒక వాల్వు పెట్టి కట్టేసుకుంటే డ్రైవరు మిమ్మల్ని తిట్టుకోడు. ఏసీ సంగతి అడుగుతారని చెబుతున్నాను: 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, పెద్ద లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. అది కొత్త బండ్లకే, మీ పాతదానికి వర్తించదు.

హీటరు పెట్టించేలోపు బండి కశ్మీరు వెళితే డ్రైవరుకు ఒక మాట గట్టిగా చెప్పి పంపండి. అద్దాలు మూసుకుని క్యాబిన్లో బొగ్గుల కుంపటి గానీ, గ్యాసు స్టవ్వు గానీ వెలిగించి పడుకోవద్దని. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, దగ్గు రాదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. రెండు మంచి రజాయిలూ ఒక ఉన్ని టోపీ మీ ఖర్చుతో కొనివ్వండి.